తాబేలు కర్రను ఎక్కడ కరిచింది?

అమ్మాయీ,

నీ కవరు అందింది. కథలు రెండుసార్లు చదివాను, ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పంచతంత్రం కథల్ని మళ్ళీ రాయడం కూడా ఒక రచనేనా, సొంతంగా ఏదైనా రాసుకోవచ్చు కదా అని ఎవరో అన్నారనీ, పంపిన చోట నుంచి కథలు తిరిగొచ్చాయనీ, ఆ రాత్రి నిద్రపట్టక ఏడ్చావనీ రాశావు. దానికి నా మాటల్లో జవాబు చెప్పేకంటే ఒక మనిషి సంగతి చెబుతాను. ఆయన పేరు మెహదీ ఆజర్ యజ్దీ. ఇరాన్‌లో ఫార్సీ భాషలో పిల్లల కోసం రాశారు.

1922లో యజ్ద్ నగరం పక్కన ఖొర్రంషాహ్ అనే పల్లెలో, బీద రైతు ఇంట్లో పుట్టారు. బడి మొహం చూడలేదు. చదవడం ఇంట్లో తండ్రి దగ్గరే వచ్చింది. చిన్నప్పటి సంగతి ఒకటి ఆయనే చెప్పుకున్నారు. బంధువుల్లో ఆయన ఈడు పిల్లాడొకడి దగ్గర పాతకాలపు ఫార్సీ కవి సాదీ రాసిన 'గులిస్తాన్' లాంటి పుస్తకాలు కొన్ని ఉన్నాయి. ఆ పిల్లాడికి చదవడం రాదు. ఈయనకు చదవడం వచ్చు, పుస్తకాలు లేవు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా అనిపించింది. రాత్రి తండ్రికి చెప్పుకుంటే, అవన్నీ ఈ లోకానికి సంబంధించిన పుస్తకాలు, మనకు పనికిరావు, మనం పరలోకం సంగతి చూసుకోవాలి అన్నాడు ఆ భక్తుడు. కుర్రాడు ఇంటి కింద నేలమాళిగలోకి పోయి గంటల తరబడి ఏడ్చాడు. పుస్తకాల కోసం అప్పుడు పుట్టిన ఆరాటం పెద్దయ్యాక కూడా తీరలేదని చెప్పారు.

నేను ఈ సంగతి చదివి పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. పిల్లలకు ఎందుకు రాయాలి అని నన్నెవరైనా అడిగితే ఆ నేలమాళిగే గుర్తొస్తుంది. నీకూ అలాంటి చోటు ఒకటి ఉండే ఉంటుంది. రాసేటప్పుడు అక్కడి పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకో.

తర్వాత ఆయన తాపీపనిలో కూలీగా చేశారు, మేజోళ్ళు అల్లే చోట పనిచేశారు. అదృష్టం ఏమిటంటే, ఆ మేజోళ్ళ యజమానే ఊళ్ళో పుస్తకాల దుకాణం పెట్టి ఈయన్ని అందులోకి మార్చాడు. ఆకలితో ఉన్నవాడిని తీసుకెళ్ళి వంటింట్లో వదిలినట్టయింది. అక్కడి నుంచి టెహ్రాన్, ప్రెస్సులు, పుస్తకాల షాపులు.

35 ఏళ్ళ వయసులో ఒక ప్రెస్సులో 'అన్వారె సుహైలీ' ప్రూఫులు ఆయన చేతికొచ్చాయి. నేనూ చాలా ఏళ్ళు రాత్రిపూట ప్రూఫులు దిద్దాను కాబట్టి ఆ పని ఎలాంటిదో తెలుసు. అక్షరం అక్షరం చూస్తుంటే వాక్యం ఎక్కడ బరువెక్కిందో, కథ ఎక్కడ ఊపిరాడక కొట్టుకుంటోందో వేలితో తాకినట్టు తెలుస్తుంది. అది పదిహేనో శతాబ్దపు పుస్తకం, పేరుమోసిన అలంకారాల శైలి. ఈ కథల్నే తేలిక మాటల్లో రాస్తే పిల్లలు చదువుకుంటారు కదా అని ఆయనకు అనిపించింది.

ఆ పుస్తకంలో ఉన్న కథలేవో తెలుసా? మనవే. ఆరో శతాబ్దంలో బుర్జూయా అనే వైద్యుడు పంచతంత్రాన్ని ఇక్కడి నుంచి ఇరాన్ రాజు ఖుస్రో దగ్గరికి తీసుకెళ్ళి అప్పటి ఇరాన్ భాష పహ్లవీలో పెట్టాడు. ఎనిమిదో శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా అరబ్బీలో రాశాడు, పన్నెండులో నస్రుల్లా మున్షీ ఫార్సీలోకి తెచ్చాడు. మన కరటకుడు అక్కడ కలీలా అయ్యాడు, దమనకుడు దిమ్నా అయ్యాడు. ఎద్దు సంజీవకం షంజబా అయింది. పుస్తకానికీ ఆ ఇద్దరి పేర్లే, 'కలీలా దిమ్నా'. 'అన్వారె సుహైలీ' దాన్నే మళ్ళీ చెప్పిన పుస్తకం. అంటే నీ బల్ల మీద ఉన్న కథలే, అమ్మాయీ, ఆయన బల్ల మీదా ఉన్నాయి. పద్నాలుగు వందల ఏళ్ళుగా ఎవరో ఒకరు మళ్ళీ రాయబట్టే అవి ఆయన దాకా చేరాయి. ఇక్కడ మనకూ అంతే. దూబగుంట నారాయణ కవి పద్యాల్లో చెప్పాడు, 1853లో చిన్నయసూరి 'నీతిచంద్రిక'లో గ్రాంథిక వచనంలో చెప్పాడు. నీ వరస వచ్చింది, నువ్వు చెబుతున్నావు.

పగలు పని, రాత్రి రాత. చిన్న గది, గోడకు తగిలించిన కిరసనాయిలు దీపం. బాగుండదేమో, జనం నవ్వుతారేమో అని ఒకటే టెన్షన్ పడ్డారట. మొదట ఎవరికిచ్చారో ఆ ప్రచురణకర్త కొన్నాళ్ళు ఉంచుకుని తిరిగిచ్చేశాడు. ఆ కట్ట పట్టుకుని ఏడుస్తూ నాసిర్ ఖుస్రో వీధిలో అమీర్ కబీర్ సంస్థ యజమాని జాఫరీ దగ్గరికి వెళ్ళారు. ఆయన వేస్తానన్నాడు. ఏడాదికి అచ్చై వచ్చింది. 'మంచి పిల్లలకు మంచి కథలు' మొదటి సంపుటం అదే. నలుగురూ బాగుందన్నాకే తర్వాతి సంపుటాల మీద ధ్యాస పెట్టారు. పాత కథల పుస్తకం 'మర్జ్‌బాన్‌నామా', కవి రూమీ 'మస్నవీ', ఖురాన్, అత్తార్, సాదీ లాంటి కవుల రచనలు, ఇలా పెద్దవాళ్ళ అల్మరాల్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే దింపి ఎనిమిది సంపుటాలు చేశారు. వాటికి యునెస్కో బహుమతి వచ్చింది. ఇరాన్‌లో కొన్ని తరాలు ఆ పుస్తకాలతో పెరిగాయి.

అందుకని ఏడ్చానని సిగ్గుపడకు. కవరు మీద అడ్రసు మార్చి ఇంకో చోటికి పంపు.

ఇక నీ కథలు. నిజం చెప్పాలంటే పాత పుస్తకంలో మాటలు తీసేసి కొత్త మాటలు పెట్టావు, కథను మాత్రం నువ్వు చూడలేదు. హంసలూ తాబేలూ కథనే తీసుకో. 'హంసలు కర్రను ముక్కులతో పట్టుకోగా తాబేలు నోటితో కరచి ఆకాశమార్గాన పయనించెను' అని ఉంది. మా మనవరాలికి ఐదేళ్ళు. నీ వాక్యం చదివి వినిపిస్తే, 'తాతా, తాబేలు కర్రని ఎక్కడ కరిచింది? చివరా, మధ్యలోనా?' అంది. మధ్యలో అన్నాను. 'మరి కర్ర వంగిపోదా?' అంది. ఒక చీపురుపుల్ల తెచ్చి రెండు చివరలూ నన్ను పట్టుకోమని, మధ్యలో తన గాజు తగిలించి చూసింది. పుల్ల వంగింది. 'గట్టి కర్ర తెచ్చి ఉంటాయిలే' అని తనే తేల్చేసింది. ఆ గట్టి కర్ర నీ కథలో లేదు. హంసలు ఎండుకొమ్మల్లో వెతికాయా, రెండు మూడు విరిచి చూశాయా, తాబేలు ముందు నేల మీదే వేలాడి చూసిందా? ఇవి రాస్తే, కింద జనం అరిచి తాబేలు నోరు తెరిచే క్షణానికి పిల్లల పళ్ళు వాటంతటవే బిగుసుకుంటాయి. అప్పుడు చివర నువ్వు పెట్టిన మూడు లైన్ల నీతి అక్కర్లేదు, కొట్టేశాను.

ఇంకొకటి. ఆయన కష్టాలు చదివి అదే దారి అనుకోవద్దు. పెళ్ళి చేసుకోలేదు, ఎక్కువ కాలం లేమిలోనే బతికారు. అది గొప్పతనానికి కారణమని నేననుకోను. చేతిలో ఇంకాస్త డబ్బుంటే రాద్దామనుకున్న మిగతా రెండు సంపుటాలు కూడా వచ్చేవేమోనని నా బాధ. నువ్వు ఉద్యోగం మానకు. ఆయన 2009 జూలై 9న టెహ్రాన్‌లో 87 ఏళ్ళ వయసులో పోయారు. ఆ రోజును ఇప్పుడక్కడ జాతీయ బాల సాహిత్య దినంగా జరుపుకుంటున్నారు.

తాబేలు కథ తిరగరాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం. ఆదివారం వీలైతే ఇంటికి రా. 'నీతిచంద్రిక' తీసి పెడతాను. అట్ట ఊడిపోయింది, మెల్లగా తిప్పాలి. మనవరాలు కూడా ఉంటుంది, పుల్ల దాచిపెట్టింది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు