37,760 రూపాయల సండే వర్క్‌షాప్: టీచర్ జీతం మీద అప్పు చేసి చేరాలా?

ప్రశ్న: హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు ఇంగ్లీష్ చెబుతాను. బీఈడీ అయింది, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) ఇంకా క్వాలిఫై కాలేదు. చేతికి 22 వేలు వస్తుంది, మే నెలలో సగమే ఇస్తారు. మా ఆయన ఎలక్ట్రికల్ షాపులో పనిచేస్తారు, 18 వేలు. ఇద్దరు పిల్లలు. వాళ్ల ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు 33,500. లక్ష రూపాయల చీటీ వేశాం. 20 నెలల చీటీలో 8 నెలలు కట్టాం, డివిడెండ్ పోగా నెలకు 4,500 దాకా పడుతోంది. బ్యాంకులో 26 వేలు ఉన్నాయి. ఈ మధ్య 99 రూపాయల వెబినార్ ఒకటి చూశాను. ఎనిమిది ఆదివారాల ‘ఫోనిక్స్, స్పోకెన్ ఇంగ్లీష్ ట్రైనర్’ వర్క్‌షాప్ 32 వేలు, జీఎస్టీతో 37,760 అన్నారు. ఒకేసారి కడితే పది శాతం తగ్గిస్తారట, లేదంటే 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ. సర్టిఫికెట్ చేతికొస్తే ట్యూషన్ల మీదే నెలకు 25 వేలు వస్తాయని, ట్యాక్స్ కూడా తగ్గుతుందని చెప్పారు. మా ప్రిన్సిపాల్ మేడం ‘చేసి రండి, జూన్‌లో ఇంక్రిమెంట్ సంగతి చూద్దాం’ అన్నారు. 2 వేలు పెంచుతారని నా ఆశ. ఈఎంఐ పెట్టనా, చీటీ పాడనా, గొలుసు తాకట్టు పెట్టనా?

జవాబు: టీచర్ గారూ, డబ్బు ఎక్కడి నుంచి తేవాలని అడిగారు. ముందు ఆ డబ్బు తిరిగి ఎవరిస్తారో తేలాలి. మీ ఉత్తరంలో ఇచ్చేవాళ్లు ఇద్దరు కనిపిస్తున్నారు: స్కూలు, ట్యూషన్ పిల్లల తల్లిదండ్రులు. స్కూలు ఇంకా ఏమీ ఒప్పుకోలేదు. తల్లిదండ్రుల సంగతి వెబినార్‌లో మాట్లాడినాయన చెప్పిందే తప్ప, మీ వీధిలో ఒక్కరు కూడా అడగలేదు. ఇప్పుడున్న పరిస్థితిలో ఈ వర్క్‌షాప్‌లో చేరవద్దనే చెబుతాను. ఎప్పుడు చేరవచ్చో చివర్లో రాస్తాను.

మీరు చెప్పిన అంకెలే చూద్దాం. ఇద్దరి జీతం 40 వేలు. ఇంటి ఖర్చు, చీటీ పోతే మిగిలేది 2 వేలు. ఈఎంఐ 3,147. మొదటి నెల నుంచే 1,100 పైచిలుకు లోటు. మే వచ్చేసరికి మీ జీతంలో 11 వేలు తగ్గుతాయి, ఆ వెనకే జూన్ 12న బళ్లు తెరిచేనాటికి మీ పిల్లల ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంలు. ఆ రెండు నెలల్లో ఒక్క ఈఎంఐ బౌన్స్ అయినా బ్యాంకు చార్జీ ఒకటి, అప్పిచ్చిన కంపెనీ పెనాల్టీ ఇంకొకటి, పైగా సిబిల్ మీద మచ్చ.

ఇక ఆ ‘నో కాస్ట్’ సంగతి. ఒకేసారి కడితే పది శాతం తగ్గిస్తామన్నారంటే, కోర్సు అసలు ధర 33,984 రూపాయలే. వాయిదాల్లో కట్టేవాళ్ల దగ్గర 37,760 తీసుకుంటున్నారు. మధ్యలో ఉన్న 3,776 వడ్డీ కాక మరేమిటి? నెలనెలా అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి లెక్క వేస్తే ఏడాదికి దాదాపు 20 శాతం తేలుతుంది. మన వాడుకలో చెప్పాలంటే నూటికి రూపాయి అరవై పైసల పైమాట వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది అదనం. అదే గొలుసు బ్యాంకులో పెడితే 9, 10 శాతానికి, అంటే నూటికి ముప్పావలా, ఎనభై పైసల వడ్డీకి దొరుకుతుంది. గొలుసు పెట్టమని చెప్పడం లేదు. వడ్డీ లేదని అమ్ముతున్న అప్పు బంగారం అప్పుకు రెట్టింపు పడుతోందని మీకు తెలియాలి, అంతే.

అందులో ఇంకో మెలిక కూడా ఉంది. ఈ ఈఎంఐలు చాలావరకు శిక్షణ సంస్థకు కట్టేవి కావు. వాళ్లు మీ పేరు మీద ఒక ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) దగ్గర అప్పు రాయిస్తారు. ఆ కంపెనీ ఫీజు మొత్తం సంస్థకు ముందే ఇచ్చేస్తుంది. నాలుగో ఆదివారానికి క్లాసులు ఆగిపోయినా మీ అప్పు ఆగదు. ఎప్పుడైనా ఇలాంటి అప్పు తీసుకోవాల్సి వస్తే సంతకానికి ముందు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అడగండి. అందులో అన్ని చార్జీలూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో రాసి ఇవ్వాలి, రిజర్వు బ్యాంకు నిబంధన అది. డిజిటల్‌గా ఇచ్చే అప్పుల్లో మనసు మార్చుకోవడానికి కనీసం ఒక రోజు కూలింగ్-ఆఫ్ గడువు కూడా ఉంటుంది. ఆ లోపు అసలు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ‘ఈ రాత్రి 12 లోపు’ అని తొందరపెట్టే ఆఫర్లకు మాత్రం కంగారు పడకండి. వచ్చే ఆదివారం వెబినార్‌లో అదే ఆఫర్ మళ్లీ కనిపిస్తుంది.

చీటీ జోలికి అసలు వెళ్లకండి. ఇప్పుడు పాడితే 20 వేలకు పోయిందనుకుందాం, చేతికి 80 వేలు వస్తాయి. ఒకేసారి కడితే పడే 34 వేల అవసరం కోసం 20 వేలు వదులుకున్నట్టు. కోర్సు ఫీజు పోను మిగిలిన 46 వేలు ఇంట్లో ఎన్నాళ్లుంటాయో మీకే బాగా తెలుసు. ఇంకో 12 నెలలు ఆగితే కమీషన్ పోను దాదాపు మొత్తం వస్తుంది. మీ ఇంటికి పొదుపు అని చెప్పుకోదగ్గది ఆ చీటీ ఒక్కటే.

ట్యాక్స్ తగ్గుతుందన్న మాట తప్పు. ఆదాయపు పన్నులో ట్యూషన్ ఫీజు మినహాయింపు పిల్లల చదువుకు, అదీ ఇద్దరు పిల్లల వరకు. సొంతంగా చేసే వర్క్‌షాప్‌కు అది వర్తించదు. అయినా ఏడాదికి మూడు లక్షలు కూడా దాటని మీ జీతం మీద పన్నే లేనప్పుడు తగ్గేదేముంది? జీఎస్టీ మాత్రం నిజమే, ఇలాంటి శిక్షణ మీద 18 శాతం ఉంటుంది. కాకపోతే జీఎస్టీ వసూలు చేసేవాళ్లు 15 అంకెలు, అక్షరాల నంబరుతో బిల్లు ఇవ్వాలి. ఆ నంబరు జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే ఎవరి పేరు మీద ఉందో తెలిసిపోతుంది. రసీదు వాట్సాప్‌లో పంపుతాం అంటే అక్కడితో ఆపేయండి.

ఇప్పుడు రాబడి. స్కూలు నిజంగానే 2 వేలు పెంచినా 37,760 తిరిగి రావడానికి 19 జీతాలు కావాలి. మే సగం జీతాలు మధ్యలో ఉన్నాయి కాబట్టి ఇంకొంచెం ఎక్కువే. ఈలోగా స్కూలు మారితే ఆ పెంపు వెంట రాదు. ట్యూషన్లతో 25 వేలు అన్నారు కదా, విద్యా హక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటోంది. ఊళ్లో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, కాదనను. కానీ చట్టం వద్దంటున్న రాబడిని నమ్ముకుని అప్పు చేయమని నేను సలహా ఇవ్వలేను. చాలా స్కూళ్లు అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లోనే ఈ షరతు రాస్తాయి. మీది ఒకసారి తీసి చదవండి. ఇంకొకటి: ఫోనిక్స్ అంటే అక్షరాల శబ్దాలతో చదవడం నేర్పడం, ఎల్‌కేజీ నుంచి రెండో తరగతి దాకా పనికొచ్చే విద్య. మీరు చెప్పేది ఆరు, ఏడు. ఈ కోర్సు మీ క్లాసుకు ఎంత ఉపయోగమో వెబినార్‌లో ఎవరూ అడిగినట్టు లేరు.

ఇలాంటి సంస్థల ప్రకటనల్లో ఈ మధ్య జాతీయ విద్యా విధానం పేరు బాగా వినిపిస్తోంది. 2020 విధానం ప్రకారం ప్రతి టీచరూ ఏటా కనీసం 50 గంటల శిక్షణ పొందాలన్నది నిజం. అది ఫలానా ప్రైవేటు సంస్థ దగ్గరే పొందాలని అందులో ఎక్కడా లేదు. ప్రభుత్వ బడి టీచర్లకు ఆ శిక్షణ ఓడీ (ఆన్ డ్యూటీ) మీద, జీతంతో జరుగుతుంది. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు కూడా అంతే. ప్రైవేటు టీచరు మాత్రం ఆదివారం పోగొట్టుకుని, ఫీజు కూడా తానే కట్టాలా? ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

ఉచితంగా దొరికేది తక్కువేం కాదు. 2017 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ దీక్షా పోర్టల్‌లో టీచర్ల కోర్సులు సర్టిఫికెట్‌తో సహా ఉచితం. ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదికలైన స్వయం, ఎన్‌పీటెల్‌లో కోర్సు వినడానికి రూపాయి కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్ష రాయాలనుకుంటే వెయ్యి రూపాయల స్థాయి ఫీజు ఉంటుంది. బ్రిటిష్ కౌన్సిల్ టీచింగ్ ఇంగ్లీష్ సైట్‌లో మీలాంటి ఇంగ్లీష్ టీచర్ల కోసమే తయారుచేసిన ఉచిత కోర్సులున్నాయి. ఖర్చు పెట్టే స్తోమత వచ్చాక పేరున్న సర్టిఫికెట్ కావాలంటే మన హైదరాబాద్‌లోనే ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఉంది. ఇంగ్లీష్ టీచర్ల శిక్షణ కోసమే 1958లో మొదలైన సంస్థ అది. దాని నోటిఫికేషన్లలో మీ అర్హతకు సరిపోయే కోర్సు ఉందేమో చూడండి. బయోడేటాలో ఆ పేరు కనపడితే కరస్పాండెంట్లు ఆగి చదువుతారు.

కానీ మీ విషయంలో వీటన్నిటికంటే ముందు టెట్. ఎనిమిదో తరగతి దాకా చెప్పేవాళ్లకు అది 2010 నుంచి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) పెట్టిన కనీస అర్హత. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, రిటైర్మెంట్‌కు ఐదేళ్లకు మించి ఉన్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలని చెప్పాక, ఇంతకాలం చూసీచూడనట్టు పోయిన స్కూళ్లు కూడా దాన్ని అడగడం మొదలుపెడతాయి. పరీక్ష ఫీజు వెయ్యి రూపాయల స్థాయిలోనే ఉంటుంది, ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది, ప్రభుత్వ టీచర్లను తీసుకునే డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంటుంది. ఎనిమిది ఆదివారాలు దొరికితే వాటిని ఆరు నుంచి ఎనిమిది తరగతుల టీచర్లు రాసే టెట్ పేపర్-2కి పెట్టండి. స్కూలు మారేటప్పుడు జీతం బేరమాడే బలం ఇస్తుంది, ప్రభుత్వ ఉద్యోగానికి దారి కూడా తెరిచి ఉంటుంది.

ప్రిన్సిపాల్ మేడం చెప్పిన ‘చూద్దాం’ను మాత్రం వదిలేయకండి. ఆమె దగ్గరికో, కరస్పాండెంట్ దగ్గరికో ఒక ప్రతిపాదనతో వెళ్లండి. జూన్ నుంచి బడి అయ్యాక బళ్లోనే, స్కూలు తరఫునే 40 నిమిషాల స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు, పిల్లవాడికి నెలకు 200. ముప్పై మంది చేరితే 6 వేలు, అందులో సగం మీకు. స్కూలు తరఫున నడుస్తుంది కాబట్టి ఇది మీ సొంత ట్యూషన్ కాదు. అప్పు అక్కర్లేదు, సర్టిఫికెట్ అక్కర్లేదు. తల్లిదండ్రులు పిల్లవాడు నాలుగు మాటలు మాట్లాడాడా లేదా అన్నదే చూస్తారు, గోడ మీద ఫ్రేము ఎవరూ చూడరు. రెండు మూడు నెలలు నడిస్తే మీ ఊళ్లో దీనికి డబ్బు పెట్టేవాళ్లు ఎంతమందో సొంత లెక్కతో తెలుస్తుంది.

అకౌంట్స్ చూసేవాళ్లు టాలీ, ఎక్సెల్ వర్క్‌షాపుల గురించి అడిగినప్పుడు నేను ఇంత వెనకాడను. అక్కడ ఆ పని వచ్చినవాడికి ఎంతిస్తారో ఉద్యోగ ప్రకటనలోనే ఉంటుంది. మీ కోర్సుకు అలా రాసి ఉన్న ధర లేదు.

శిక్షణకు ఏడాదికి ఎంత పెట్టొచ్చని అడిగితే, మీ ఇంటి పరిస్థితిలో ఒక నెల జీతంలో పావు వంతు, 5,500 రూపాయలు, అదీ చేతి డబ్బుతోనే. టెట్ ఫీజు, పుస్తకాలు, ఒక ఎన్‌పీటెల్ పరీక్ష అందులోనే వచ్చేస్తాయి. బ్యాంకులోని 26 వేలు మే నెల కోసం, జ్వరాల కోసం అలాగే ఉండాలి. నెలకు మిగిలే 2 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి.

ఇదే వర్క్‌షాప్‌లో ఎప్పుడు చేరవచ్చంటే, స్కూలు లెటర్‌హెడ్ మీద ‘ఈ కోర్సు పూర్తిచేస్తే ఫలానా నెల నుంచి జీతం ఇంత’ అని రాసిచ్చినప్పుడు, లేదా ఫీజులో సగం స్కూలే భరించినప్పుడు. మీరు నేర్చుకుని వచ్చి మిగతా టీచర్లకు నేర్పుతానంటే సగం భరించడానికి ఒప్పుకునే యాజమాన్యాలు ఉంటాయి. బదులుగా రెండేళ్లు ఉండాలని బాండ్ అడిగితే అడగనివ్వండి, కానీ మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం వాళ్ల బీరువాలో పెట్టకండి. అప్పుడు కూడా ఈఎంఐ వద్దు. పది శాతం తగ్గింపు ధరనే రెండు విడతల్లో తీసుకోమని సంస్థను అడగండి, రెండో విడత నాలుగో ఆదివారం తర్వాత. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో కట్టకముందే ఈమెయిల్‌లో రాయించుకోండి. తర్వాత మాట మారిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినప్పుడు ముందుగా అడిగేది ఆ కాగితమే.