యూనిఫాం చీర ఖరీదు ఎవరు భరించాలి? షోరూములో పనిచేసే అమ్మాయికి పెద్దమ్మ రాసిన ఉత్తరం

చిరంజీవి అమ్మడికి మీ పెద్దమ్మ దీవించి రాయునది.

నీ ఉత్తరమూ, దానితో పంపిన జీతం చీటీ ఫోటో అందాయి. నువ్వు ఫ్లోర్ సూపర్‌వైజరుగా పనిచేసే చీరల షోరూములో కొత్తగా పెట్టిన నిబంధనలన్నీ ఒక్క ఊపిరిలో రాసేశావు. యాజమాన్యం ఇచ్చిన రెండు యూనిఫాం చీరల ఖరీదు 2,400 రూపాయలను మూడు నెలల జీతాల్లోంచి కోసుకుంటున్నారు. కొప్పు సరిగా లేకపోయినా, బ్యాడ్జి మరచిపోయినా రోజుకు వంద రూపాయలు జరిమానా వేస్తున్నారు. అమ్మాయిలంతా ఎత్తు మడమల చెప్పులు వేసుకోవాలట, బిల్లింగు కౌంటరులో కూర్చునే ముస్లిం అమ్మాయి తలకు కట్టుకునే స్కార్ఫు తీసేయాలట. ఇదంతా చెప్పి చివర “మా బట్టలు మా ఇష్టం కాదా పెద్దమ్మా?” అని అడిగావు. ముప్ఫై ఏళ్లకు పైగా సహాయ కార్మిక అధికారిగా దుకాణాలూ మిల్లులూ తిరిగి, ఇటువంటి తగాదాలు ఎన్నో చూసినదాన్ని కనుక చెబుతున్నాను: ఆ మాటతో మొదలుపెట్టావంటే మొదటి రోజే ఓడిపోతావు.

చీర చూపించడానికి ఎవరిని పిలవాలో వచ్చిన మనిషికి తెలియాలి కనుక, పనివారంతా ఒకే రంగు కట్టుకోవాలనీ, పేరు కనిపించాలనీ, శుభ్రంగా ఉండాలనీ యజమాని అడగడంలో తప్పు పట్టే అధికారి గానీ న్యాయస్థానం గానీ ఉండదు. గడ్డం పెంచుకుంటానన్న వైమానిక దళ ఉద్యోగి సుప్రీంకోర్టు దాకా వెళితే, దళంలో క్రమశిక్షణ, ఏకరూపత ముఖ్యమని 2016లో ఆ కోర్టు నిబంధననే నిలబెట్టింది. అది ప్రభుత్వ ఉద్యోగం. మీది ప్రైవేటు దుకాణం, మన రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులు ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేవే తప్ప షాపు యజమాని మీద నేరుగా ఎక్కుపెట్టగలిగినవి కావు. అందువల్ల నీ ఉత్తరంలోని నాలుగు విషయాలనూ కలగూరగంప చేయకుండా విడదీసి, దేనికి ఏ చట్టం ఆసరా ఇస్తుందో చూసుకోవాలి. రంగు సంగతి వదిలేయి, ఆ ముదురు నీలం చీర నీకు నచ్చకపోవడం ఫిర్యాదు కాదు.

అసలు బట్టల నిబంధనలన్నీ పెత్తనం కోసమే పుట్టాయని కూడా అనుకోకు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గుంటూరు చుట్టుపక్కల ఒక జిన్నింగు మిల్లుకు విచారణకు వెళ్లాను. దూది ఊడుస్తున్న ఒకామె పమిట చెంగు తిరుగుతున్న బెల్టులో పడింది. పాత నేత చీర కనుక అది చిరిగిపోయి ఆమె ప్రాణం దక్కింది గానీ, మెడ ఎముక పక్కన విరిగిన చోటును తడుముకుంటూ ఆమె నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: “కోటు వేసుకోమన్నారమ్మా, కానీ కోటుకు డబ్బులు కోస్తామన్నారు.” 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో 22వ సెక్షను ఉండేది. తిరుగుతున్న యంత్రాన్ని పరీక్షించడం, నూనె వేయడం వంటి పనులను శిక్షణ పొందిన వయోజన పురుషుడు మాత్రమే, ఒంటికి అంటుకున్న దుస్తులు వేసుకుని చేయాలనీ, ఆ దుస్తులను ఫ్యాక్టరీ నిర్వాహకుడే ఇవ్వాలనీ అందులో స్పష్టంగా రాశారు. ప్రాణం కాపాడే దుస్తుల ఖర్చునే యజమాని నెత్తిన పెట్టిన చట్టం నడిచిన దేశంలో, గిరాకీకి అందంగా కనిపించడం కోసం కట్టించే చీర ఖరీదును పద్నాలుగు వేల రూపాయల జీతగత్తె భరించాలనడం ఎంతవరకు సమంజసమో నువ్వే ఆలోచించు.

నీ బలమంతా ఈ డబ్బు దగ్గరే ఉంది కనుక దీన్ని కాస్త వివరంగా రాస్తాను. జీతంలోంచి యజమాని వేటిని కోయవచ్చో 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ఒక జాబితా ఇచ్చింది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం, 2019 వేతనాల కోడ్ కూడా 18వ సెక్షనులో దాదాపు అదే జాబితాను కొనసాగించింది. పనికి రాని రోజులు, తీసుకున్న అడ్వాన్సు, ప్రావిడెంట్ ఫండు, పనివారి అలక్ష్యం వల్ల పోయిన సరుకు వంటి పద్దులు అందులో ఉన్నాయి గానీ, యూనిఫాం ఖరీదు అనే పద్దు లేదు. యాజమాన్యం కల్పించే సౌకర్యాలకూ సేవలకూ ప్రభుత్వ అనుమతితో కోయవచ్చన్న మాట ఒకటి ఉంది, మీ మేనేజరు తప్పకుండా దాన్నే పట్టుకుంటాడు. అయితే ఉద్యోగం చేయడానికి కావలసిన పనిముట్లూ ముడిసరుకూ ‘సేవలు’ కిందకు రావని అదే చోట వివరణ ఉంది. దుకాణం కోరితేనే కట్టుకునే చీర, మానేసే రోజున వెనక్కి ఇచ్చేయవలసిన చీర, మీకు అందిన సౌకర్యం ఎలా అవుతుందని అడుగు. పాత చట్టం నెలకు 24,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికే వర్తించేది, కొత్త కోడ్‌లో ఆ పరిమితి లేదు, సూపర్‌వైజర్లు కూడా దాని పరిధిలోనే ఉన్నారు. అంటే నీకూ వర్తిస్తుంది.

జరిమానా సంగతి ఇంకా స్పష్టం. ఏ తప్పులకు జరిమానా వేస్తారో ఆ పట్టికకు ముందుగా ప్రభుత్వం లేదా అది నియమించిన అధికారి ఆమోదం పొందాలి. దాన్ని అందరికీ కనిపించే చోట అంటించాలి. వేసే ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఒక జీతకాలంలో వేసే మొత్తం ఆ కాలపు జీతంలో 3 శాతం దాటకూడదు, వాయిదాల మీద వసూలు చేయకూడదు, తప్పు జరిగిన 90 రోజుల తర్వాత అసలు వసూలు చేయకూడదు. పద్నాలుగు వేల మీద 3 శాతమంటే 420 రూపాయలు. మీ దగ్గర ఒక అమ్మాయికి ఒకే నెలలో 900 కోశారని రాశావు. పట్టికకు ఆమోదం ఉందో లేదో చూడకముందే అది చట్టం దాటిపోయింది. పైగా వసూలైన ప్రతి రూపాయికీ రిజిస్టరు రాయాలి, ఆ సొమ్మును పనివారి మేలు కోసమే ఖర్చు పెట్టాలి తప్ప గల్లాపెట్టెలో కలుపుకోకూడదు. నా సర్వీసులో “జరిమానాల రిజిస్టరు చూపించండి” అని అడిగినప్పుడు, దాన్ని వెతకడానికి లోపలికి వెళ్లిన గుమాస్తా టీతో తిరిగి వచ్చిన సందర్భాలే ఎక్కువ.

ఎత్తు మడమల చెప్పులను నేరుగా నిషేధించే నిబంధన మన దగ్గర లేదు. ఇంగ్లండులో నికోలా థోర్ప్ అనే రిసెప్షనిస్టు, మడమల బూట్లు వేసుకోనన్నందుకు జీతం లేకుండా ఇంటికి పంపేస్తే 2016లో వినతిపత్రం పెట్టింది, లక్షన్నరకు పైగా సంతకాలు పడ్డాయి, అక్కడి పార్లమెంటు కమిటీలు విచారణ జరిపాయి. మనకు దగ్గరి దారి వేరే ఉంది. కోళికోడ్ మిఠాయి తెరువులో దుకాణాల స్త్రీలు ఏళ్ల తరబడి అడగగా, పనివేళల్లో కూర్చునే హక్కును కేరళ 2018లో చట్టంలో చేర్చింది, 2021లో తమిళనాడు కూడా చేర్చింది. ఆ చట్టాలు మీ విజయవాడలో చెల్లవు కానీ, రోజుకు పది గంటలు నిలబడే మనిషిని మడమల మీద నిలబెట్టడం గురించి మాట్లాడేటప్పుడు ఆ రాష్ట్రాల ఉదాహరణ చెప్పడంలో తప్పు లేదు. నడుము నొప్పి, కాళ్ల వాపు ఉన్నవారు డాక్టరు చీటీ జతచేయండి. మగవారికి లేని షరతు ఆడవారికే పెట్టారన్న మాట కూడా రాయి, ఒకే రకమైన పనిలో స్త్రీ పురుష భేదం చూపకూడదని వేతనాల కోడ్ 3వ సెక్షను చెబుతోంది.

ఇక స్కార్ఫు. ఈ విషయంలో నీకు నిజం చెప్పాలి: మీ అన్నయ్య ఉన్న అమెరికాలో మత విశ్వాసానికి సంబంధించిన దుస్తులకు ప్రైవేటు యజమాని సర్దుబాటు చేయాలని 1964 పౌరహక్కుల చట్టం అంటుంది, స్కార్ఫు కట్టుకున్న అమ్మాయికి ఉద్యోగం నిరాకరించిన బట్టల దుకాణం కేసులో 2015లో అక్కడి సుప్రీంకోర్టు ఆ అమ్మాయి పక్షాన నిలిచింది. ప్రైవేటు ఉద్యోగంలో మతం ఆధారంగా చూపే వివక్షను ఆ విధంగా నిషేధించే సమగ్ర చట్టం మన దేశంలో లేదు. కనుక సెక్షను వెతకడం మానేసి, మీ షోరూములో నిరుడు కార్తీకంలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకో. షర్టింగుల విభాగంలో ఒక కుర్రవాడు అయ్యప్ప మాల వేసుకుని, నల్లబట్టలతో, గడ్డంతో, చెప్పులు లేకుండా మండల దీక్ష 41 రోజులూ కౌంటరులోనే నిలబడ్డాడని నువ్వే చెప్పావు. యజమాని అతన్ని ‘స్వామీ’ అని పిలిచాడు, యూనిఫాం అడగలేదు. భవానీ దీక్షలో ఎర్రచీర కట్టిన ఆయమ్మనూ అడగలేదు. అది మంచి పనే. యూనిఫాం నిబంధనకు విశ్వాసం కోసం మినహాయింపు ఇవ్వడం ఆ దుకాణంలో ఇప్పటికే ఉన్న ఆచారమన్నమాట. ఆ మినహాయింపు ఒకరికి ఉండి ఇంకొకరికి లేకపోవడానికి కారణం చెప్పమని మర్యాదగా అడిగితే, ఏ యజమానికైనా కాగితం మీద జవాబు రాయడం కష్టమవుతుంది. జవాబు కష్టమయ్యే చోటే రాజీ కుదురుతుంది: యూనిఫాం చీర రంగులోనే స్కార్ఫు, ముఖం కనిపించేలా, బ్యాడ్జి పైకి ఉండేలా అని మీరే ప్రతిపాదించండి. అయితే ఆ అమ్మాయిని అడగకుండా ఆమె తరఫున ఒక్క వాక్యం కూడా రాయవద్దు. ఆమె పేరు వాడుకుని మీ పోరాటం బలపరచుకోవడం న్యాయం కాదు, రేపు ఉద్యోగం పోతే ఆ ఇంటికి బియ్యం ఎవరు తెస్తారన్నది ఆమెకే తెలుసు.

మేనేజరు కొప్పు పరీక్షించే నెపంతో తల ముట్టుకుంటాడనీ, జాకెట్టు మీద మాటలు అంటాడనీ ఉత్తరం అంచున చిన్న అక్షరాలతో రాశావు. అది అంచున రాయవలసిన సంగతి కాదు. పది మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం శాసించింది, ఫిర్యాదుకు మామూలుగా మూడు నెలల గడువు ఉంటుంది. తేదీ, సమయం, ఎవరు చూశారు అన్నవి ఈ రాత్రే ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టు. దీన్ని చీరల అర్జీలో కలపకు, ఇది వేరే కాగితం.

అర్జీ ఎలా రాయాలో కూడా చెబుతాను. మొదట నియామక పత్రం తీసి, అందులో దుస్తుల గురించీ కోతల గురించీ ఏమి ఉందో చదువు. తర్వాత యాజమాన్యానికి ఒక పేజీ మించకుండా రాయండి. “యూనిఫాం ధరించడానికి మాకు అభ్యంతరం లేదు” అన్నదే మొదటి వాక్యం కావాలి. ఆ తర్వాత కోతకు ఆధారమైన ఉత్తర్వు ప్రతిని, ఆమోదం పొందిన జరిమానాల పట్టికను చూపవలసిందిగా కోరండి, ఎవరికి ఏ నెలలో ఎంత కోశారో అంకెల్లో వేయండి. దౌర్జన్యం, దోపిడీ వంటి పదాలు వద్దు, అవి రాసిన అర్జీలను నేను కూడా విసుగ్గానే చదివేదాన్ని. సంతకాలు వరుసగా కాకుండా కాగితం అడుగున గుండ్రంగా పెడితే, ఎవరు ముందు పెట్టారో యజమానికి తెలియదు. జవాబు రాకపోతే ప్రతిని సహాయ కార్మిక అధికారికి స్పీడ్ పోస్టులో పంపండి, పాత రిజిస్టరు పోస్టును 2025 సెప్టెంబరులో అందులోనే కలిపేశారు కనుక, అందిన రుజువు కూడా అడిగి తీసుకోండి. అక్రమ కోతల మీద క్లెయిము వేయడానికి ఇప్పుడు మూడేళ్ల గడువు ఉంది, కోత సక్రమమేనని రుజువు చేసే భారం యజమానిదే.

ఉద్యోగం తీసేస్తారేమోనన్న భయం సహజం. 1988 ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షను ప్రకారం, ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసిన వారిని సహేతుక కారణం లేకుండా, నెల నోటీసు గానీ దాని బదులు జీతం గానీ ఇవ్వకుండా తీసేయడానికి వీల్లేదు. దుష్ప్రవర్తన అని తీసేయాలంటే విచారణ జరిపి సాక్ష్యం నమోదు చేయాలి, దాని మీద అప్పీలూ ఉంది. నీకు రెండేళ్లు నిండాయి. కానీ మూడు నెలల క్రితం చేరిన నలుగురు పిల్లలకు ఈ రక్ష లేదు, అందుకని వాళ్ల చేత సంతకం పెట్టించవద్దు, వాళ్లకు కోసిన మొత్తాలను మాత్రం లెక్కలో చేర్చు. అర్జీ పెట్టిన తర్వాత నెల రోజులు నువ్వు ఒక్క నిమిషం కూడా ఆలస్యంగా వెళ్లకూడదు, బ్యాడ్జి ఒక్కనాడూ మరచిపోకూడదు.

నువ్వు పంపిన చీటీలో 800 రూపాయల కోత ఎదుట ‘ఇతరములు’ అని మాత్రమే ఉంది. అది చీర కోసమేనని రుజువు కావాలి కనుక, చీరలు ఇచ్చిన రోజున సంతకం పెట్టించుకున్న పుస్తకం ఫోటో ఎవరి దగ్గరైనా ఉందేమో కనుక్కో. మూడు నెలల చీటీలూ రెండేసి జిరాక్సులు తీయించు. అసలువి షోరూము లాకరులో పెట్టకుండా అమ్మకు ఇచ్చి బీరువాలో దాయించు, ఆదివారం పొద్దున బస్సుకు నేను వచ్చాక అర్జీ ఇద్దరం కూర్చుని రాద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ