బొమ్మల పుస్తకంతో అక్షరం నేర్పడం: ‘ప’తో నా అనుభవం

మీ నాలుగేళ్ల బాబు ‘అ అమ్మ, ఆ ఆవు’ అంటూ చార్టు మొత్తం రాగంతో అప్పజెబుతున్నాడు, ‘ఆ’ ఒక్కటే పలక మీద రాసి చూపిస్తే మాత్రం తెల్లముఖం వేస్తున్నాడు, బొమ్మల పుస్తకాలు పనికొస్తాయా అని అడిగారు. బాగా పనికొస్తాయి. పద్నాలుగేళ్లు నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు చెప్పాను. అందులో మొదటి మూడేళ్లు నేనూ చార్టునే నమ్ముకున్నాను. ఒకరోజు ఎందుకో ఆవు బొమ్మను అరచేత్తో మూసి, పక్కనున్న అక్షరం చదవమన్నాను. ఇరవై రెండు మందిలో ముగ్గురే చెప్పగలిగారు. మిగిలినవాళ్లు అన్ని నెలలూ చదివింది ఆవునే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చార్టులో ఇంకో చిక్కు బొమ్మ పేరుతో వస్తుంది. ‘ఉ’ దగ్గర ఉల్లిపాయ ఉండేది. అనంతపురం నుంచి కొత్తగా వచ్చిన పాప దాన్ని ‘ఎర్రగడ్డ’ అంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే బాబు ‘ప్యాజ్’ అన్నాడు. ఇద్దరి మాటా సరైనదే, కానీ ఒకరికి ‘ఉ’ కాస్తా ‘ఎ’ అయింది, ఇంకొకరికి ‘ప’ అయింది. కథలో ఈ బాధ లేదు. మొదటి పేజీలో మనం పడవను పడవ అని పిలిస్తే చివరి పేజీ దాకా అది పడవే. పది పేజీల్లో పదిసార్లు అదే మాట చెవిన పడుతుంది, అదే ఆకారం కంట పడుతుంది.

అ నుంచే మొదలుపెట్టాలన్న పట్టుదల వదిలేయండి. నేను ‘ప’తో మొదలుపెట్టేదాన్ని. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు మూసుకుని తెరుచుకుంటాయి. పిల్లవాడు మన నోటిని చూసి పట్టుకోగలడు, తన పెదవుల మీద వేలు పెట్టుకుని పరీక్షించుకోగలడు. ‘ఎ’, ‘ఒ’లను మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఎలుక అని రాసి ఉన్నదాన్ని మనలో చాలామంది ‘యెలుక’ అనే పలుకుతాం. ఒంటె ‘వొంటె’ అవుతుంది. చెవి బాగున్న పిల్లవాడు అక్కడ ‘య’, ‘వ’ ఉన్నాయని అనుకుంటే అది వాడి తప్పు కాదు.

పుస్తకం ఎంచుకునేటప్పుడు ఒక సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ‘క’ కోసం కాకి కథ తీసుకున్నాను. పేజీల నిండా కాకులే, కానీ ‘కాకి’లో ‘కా’ ఉంది, ‘కి’ ఉంది, నేను పలక మీద రాసిన ‘క’ ఎక్కడా లేదు! పిల్లలు పాపం వెతికి వెతికి అలసిపోయారు. అందుకే మొదటి అక్షరాలకు దీర్ఘాలు, గుడులు, కొమ్ములు, ఒత్తులు లేని మాట తిరిగి తిరిగి వచ్చే కథ చూడండి. పడవ, పలక, పనస, జడ, గడప, వల, వడ. ఇలాంటి మాటల్లో అక్షరం తన అసలు రూపంలోనే కనిపిస్తుంది. పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద అచ్చు, బొమ్మ మీద కాకుండా తెల్లని చోట పడిన అక్షరాలు ఉంటే చాలు. ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వారి పిల్లల పుస్తకాలు చూడండి. ప్రథమ్ బుక్స్ వారి ‘స్టోరీవీవర్’ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. ఫోనులో చూపించడం కంటే నాలుగు పేజీలైనా ప్రింటు తీయించి చేతికివ్వడం మేలని నా అభిప్రాయం. పిల్లవాడి వేలు కాగితం మీద ఆనాలి.

ఇక చదవడం. మొదటి రోజు అక్షరం ఊసే ఎత్తవద్దు. పడవ ఎక్కడికి పోతోంది, అందులో ఎవరున్నారు, వాన వస్తే ఏమవుతుంది, ఇవే మాట్లాడుకోండి. కథ నచ్చకపోతే ఆ పుస్తకం మూసి ఇంకోటి తీయండి, బలవంతం చేయకండి. నచ్చితే మర్నాడు వాడే తెస్తాడు. అప్పుడు ‘పడవ’ అన్న ప్రతిసారీ మొదటి ధ్వని దగ్గర ఒక్క క్షణం ఆగండి. పెదవులు మూసి, వాడు మీ నోటి వైపు చూశాక, ‘ప... పడవ’. రెండు రోజులు చెవికి ఆ ధ్వని పట్టాక పేజీలో ఆ మాట కింద వేలు ఆనించి, ‘ఈ పడవలో మొదట కూర్చున్నది ప’ అని చూపించేదాన్ని. తరువాతి పేజీలో వాళ్లే వెతికేవారు. కథ మొత్తంలో రెండు మూడు చోట్లే ఆగండి. ప్రతి వాక్యానికీ ఆపి ప్రశ్న వేస్తే అది కథ కాదు, పరీక్ష.

ఆ తరువాత వంటింట్లో వేట. ‘ప’తో మొదలయ్యేవి తెమ్మంటే ఒకడు పప్పు తెచ్చాడు, ఒక పాప పళ్లెం తెచ్చింది, మరొకడు పాలగ్లాసు తెచ్చాడు. పాలు ‘పా’ కదా అని తీసిపారేయకండి. వాడి చెవి సరిగ్గానే విన్నది. ‘అవును, పాలే! మొదట పెదవులు మూశావు చూశావా?’ అంటే చాలు. దీర్ఘం సంగతి గుణింతం దాకా ఆగుతుంది.

నాకు అన్నిటికంటే మేలు చేసింది కొన్న పుస్తకం కాదు, కుట్టిన పుస్తకం. పాత శుభలేఖల వెనక తెల్లగా ఉంటుంది కదా, అవి ఎనిమిది తీసి మధ్యలో దారంతో కుట్టండి. ఒక్కో పేజీలో వాడు తెచ్చిన వస్తువు బొమ్మ వాడే గీస్తాడు, కింద పేరు మీరు పెద్దగా రాస్తారు. మా తరగతిలో ఒక బాబు పనసపండుకు కళ్లు, మీసాలు కూడా పెట్టాడు. ఆ పేజీ కింద ‘ప’ను వాడు ఇక మరిచిపోలేదు. వారం తరువాత అదే పుస్తకంలో బొమ్మను చేత్తో మూసి మాట చూపించండి. నేను ఆనాడు చార్టు మీద చేసిన పరీక్షే, కానీ ఈసారి ఆటలా చేయండి, తప్పితే చేయి తీసేయండి.

రాయించడానికి తొందరపడకండి. ముందు బియ్యం పోసిన పళ్లెంలో వేలితో, తరువాత తడి వేలితో పలక మీద, బలపం ఆ తరువాతే.

‘ప’ వచ్చాక వెంటనే ‘వ’ ఎత్తుకోవద్దు. రెండూ చూడ్డానికి దగ్గరగా ఉంటాయి. ‘ప’లో తలకట్టు విడిగా నిలబడుతుంది, ‘వ’లో అంటుకుని ఉంటుంది. ఆ తేడా చిన్న కంటికి దొరకడానికి సమయం పడుతుంది. నేను ల, క, డ చెప్పి, వాటి తరువాత ‘వ’ చెప్పేదాన్ని. ఒక్కో అక్షరానికి వారమైనా, పది రోజులైనా సరే. ఈ అయిదూ వచ్చిన నాటికి పలక, కల, పడక, వల, వడ వాడంతట వాడే కూడబలుక్కుని చదువుతాడు. అప్పుడు ఆ మొదటి కథ మళ్లీ తీసి, ‘పడవ’ వచ్చిన చోట మీరు ఆగి వాడిని చదవనివ్వండి.