అడ్డ పొగ తాగే అమ్మ అంగిలిలో తెల్లమచ్చలు... ఏం చేయాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క ఊరు. మా అమ్మకు 63 ఏళ్లు. పెళ్లయిన దగ్గర్నుంచీ చుట్ట కాలుస్తోంది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. దీన్నే మావైపు అడ్డ పొగ అంటారు. ఈమధ్య కూర కారంగా ఉంటే అంగిలి మండుతోందంటే టార్చి వేసి చూశాను. తెల్లగా, మందంగా ఉంది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. ఆస్పత్రికి రమ్మంటే రాదు. ‘ఇది తాతలనాటి ఆకు, సిగరెట్లలోలా ఇందులో మందులు కలపరు, పొగ నేను లోపలికి పీల్చను, అంత చెడ్డదైతే గవర్నమెంటు ఎందుకు పండించనిస్తుంది?’ అంటుంది. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు అంగిలి సంగతి. అంగిలి నిండా చిన్న చిన్న లాలాజల గ్రంథులుంటాయి. ఏళ్ల తరబడి వేడి, పొగ తగిలి వాటి నోళ్లు వాచి ఎర్రబడతాయి. చుట్టూ ఉన్న పొర గట్టిపడి తెల్లబడుతుంది. మామూలుగా చుట్ట, పైపు కాల్చేవాళ్లలో ఈ మార్పు క్యాన్సర్‌గా మారడం అరుదు. నిప్పు నోట్లో పెట్టుకునేవాళ్ల విషయంలో ఆ ధీమా పనికిరాదు. మిగతాచోట్ల అరుదుగా కనిపించే గట్టి అంగిలి క్యాన్సర్ ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లకు రావడానికి ప్రధాన కారణం ఈ అలవాటే.

మచ్చ ఉన్నంతమాత్రాన క్యాన్సర్ అనుకోకండి. అయితే కంటితో చూసి ఏదీ తేల్చలేం. ఈ వారంలోనే దంతవైద్య కళాశాలకో, జిల్లా ఆస్పత్రిలో ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికో తీసుకెళ్లండి. అనుమానం ఉన్నచోట తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి చిన్న ముక్క తీస్తారు. సాధారణంగా అదేరోజు ఇంటికి వచ్చేయొచ్చు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని ఊళ్లో ఎవరైనా అంటే నమ్మకండి. రెండు వారాలైనా మానని పుండు, రక్తం, మెడలో గడ్డ కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

ఇక అమ్మగారి మాటలు. ఈ ఆకు మన నేలది కాదు, దక్షిణ అమెరికాది. 1492లో కొలంబస్ మనుషులు క్యూబాలో ఆకు చుట్టి కాల్చేవాళ్లను చూశారు. మన దేశానికి పోర్చుగీసువాళ్లు తెచ్చారు. జహంగీర్ చక్రవర్తి 1617లోనే వద్దని ఆజ్ఞ వేశాడు, ఆగలేదు. దాన్ని ఐరోపాలో మందుగా ప్రచారం చేసిన వాళ్లలో వైద్యులూ ఉన్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో దానికున్న సంబంధాన్ని లండన్‌లో డాల్, హిల్ అనే పరిశోధకులు గట్టిగా చూపించింది 1950లో. అంతకాలం జనం వాడారంటే హాని లేదని కాదు, లెక్క తీసినవాళ్లు లేరని.

ఏ మందూ కలపకపోయినా ఆకును ఆరబెట్టి పదును చేసేటప్పుడే నైట్రోసమైన్లనే క్యాన్సర్ కారకాలు తయారవుతాయి. కాలిస్తే తారు, కార్బన్ మోనాక్సైడ్ తోడవుతాయి. చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ. అందుకే పీల్చకపోయినా నికోటిన్ నోటి పొరలోంచే రక్తంలో కలుస్తుంది. పీల్చనిదాన్ని ఆమె మానలేకపోతున్నది అందుకే.

గవర్నమెంటు గురించి ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్నే. గుంటూరులో పొగాకు బోర్డు 1976 నుంచి ఉంది, ప్రకాశం రైతులు దానిమీద బతుకుతున్నారు. అదే ప్రభుత్వం 2003లో నియంత్రణ చట్టం తెచ్చింది, 2016 నుంచి పెట్టెమీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ వేయిస్తోంది. చట్టం జాబితాలో చుట్టా ఉంది. కానీ సంతలో దారంతో కట్టి అమ్మే చుట్టల కట్టమీద బొమ్మ ఎక్కడ వేస్తారు? ఇంట్లోనే చుట్టుకునే ఆకు సంగతేమిటి? నా మటుకు ఈ చట్టంలో పెద్ద లోటు ఇదే: ఎక్కువ ప్రమాదంలో ఉన్న చదువురాని ఆడవాళ్లకే హెచ్చరిక చేరడం లేదు. నిషేధం ఒక్కటే చాలదని గుట్కా విషయంలో చూశాం. పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లంగా అమ్ముతూనే ఉన్నారు. రైతుకు మరో పంట చూపిస్తూ, ఊరూరా నోటి పరీక్షలు పెట్టాలి.

అమ్మగారికి చెప్పాల్సిన మంచి కబురు ఒకటుంది. ముంబయి టాటా పరిశోధన సంస్థవాళ్లు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లోనే ఏళ్లపాటు తిరిగి నోళ్లు పరీక్షించారు. పొగాకు మానినవాళ్లలో ఇలాంటి మచ్చలు తగ్గాయి. 63లో మానినా లాభమే.

మానిన మొదటి రెండు మూడు రోజులు చిరాకు, నిద్రలేమి ఎక్కువగా ఉంటాయి, నాలుగు వారాల్లో చాలామటుకు సర్దుకుంటాయి. చుట్ట లేకపోతే విరేచనం కాదని మా దగ్గరికొచ్చే పెద్దవాళ్లు చాలామంది అంటారు. నిజమే, నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది. ఆ కొన్ని వారాలు పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు, ఆకుకూరలు, అరటిపండు ఇవ్వండి. చాలకపోతే డాక్టరు మందు రాస్తారు. ఆమె అంగిలికి నికోటిన్ గమ్ కన్నా చర్మంమీద అతికించే ప్యాచ్ నయం. అదీ బీపీ, గుండె పరీక్షలు చూశాకే. 1800-11-2356కు ఫోన్ చేస్తే మానేవాళ్లకు ఉచితంగా సలహా చెబుతారు. మచ్చ పూర్తిగా పోయినా, ఆరు నెలలకోసారి అంగిలి చూపిస్తూనే ఉండండి.