పాలిచ్చే తల్లి, కాన్పుల మధ్య ఎడం: శిక్షణకు ఏ పాఠాలు?

ప్రశ్న: మా ఆరోగ్య కేంద్రంలో ఆశా కార్యకర్తలకు తల్లిపాలు, కాన్పుల మధ్య ఎడం గురించి శిక్షణ ఇవ్వాలి. దేన్ని ఆధారం చేసుకోవాలి? పాలపొడి కంపెనీ ఒకటి ఖర్చు భరిస్తామంటోంది, ఒప్పుకోవచ్చా?
– ఒక ఏఎన్‌ఎం, పార్వతీపురం

జవాబు: కంపెనీ సొమ్ము ముట్టుకోవద్దు. ఆరోగ్య సిబ్బందికి కానుకలు, సదస్సులకు నిధులు ఇవ్వకుండా పాలపొడి తయారీదారులను 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం, దాని 2003 సవరణ కట్టడి చేస్తున్నాయి.

పాఠాలకు కొదవ లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ తల్లిపాలను ప్రోత్సహించేందుకు 2016లో ప్రారంభించిన ‘మా’ (అమ్మ) కార్యక్రమం సామగ్రి ఆశాలకు సరిపోతుంది. మీ వంటి శిక్షకులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 1993లో రూపొందించిన నలభై గంటల తల్లిపాల కౌన్సెలింగ్ కోర్సు మేలు. అందులో ఉపన్యాసాలకన్నా చేసి చూపించడమే విలువైనదని నా అభిప్రాయం. బొమ్మను, గుడ్డతో కుట్టిన రొమ్మును చేతికిచ్చి, బిడ్డ నోరు బాగా తెరుచుకుందా, గడ్డం రొమ్ముకు ఆనిందా, కింది పెదవి బయటికి తిరిగిందా, రొమ్ము నల్లని వలయం నోటికి పైభాగాన ఎక్కువగా కనిపిస్తోందా అన్న నాలుగు గుర్తులను ఒక్కొక్కరి చేతా చెప్పించండి. ఆ తర్వాతే వార్డుకు తీసుకెళ్లండి.

ఎడం విషయానికి వస్తే, బిడ్డకు ఆరు నెలలు నిండకుండా, నెలసరి తిరిగి రాకుండా, రాత్రింబవళ్లు తల్లిపాలే పడుతున్నంతవరకే పాలివ్వడం గర్భాన్ని నమ్మకంగా ఆపుతుంది. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా వెంటనే మరో పద్ధతి కావాలి. ‘అంతర’ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పాలిచ్చే తల్లికి కాన్పైన ఆరు వారాల తర్వాతే ఇవ్వాలి.