1974 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో పాత్రలు గంటలోనే ఎందుకు చచ్చిపోతాయి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఒక్కొక్కరు ఒక సాహసికుడి పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ ఆడే ఆట. దాని మొదటి పెట్టెలోని మూడు చిన్న పుస్తకాలతో నలుగురు ఆడటానికి కూర్చున్నారు. యుద్ధం నియమాలు సరిగ్గా దొరకలేదు, గంటలో పాత్రలన్నీ చచ్చిపోయాయి, తప్పెక్కడుందని అడిగారు. ఒక తప్పు పుస్తకాలది, ఒకటి ఆడిన పద్ధతిది.

ముందు పుస్తకాల సంగతి. చదివేవాళ్ల దగ్గర చెయిన్‌మెయిల్ ఉంటుందనుకుని రాశారు వాటిని. అది 1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ రాసిన సైన్యాల ఆట. చివర్లో మంత్రగాళ్లు, డ్రాగన్ల భాగం ఉంటుంది. అమెరికాలోని మినియాపొలిస్ వైపు డేవిడ్ వెస్లీ తన బ్రౌన్‌స్టైన్ ఆటలో ఒక్కొక్కరికి సైన్యం బదులు ఒక మనిషి పాత్రను ఇచ్చాడు. డేవ్ ఆర్నెసన్ ఆ పద్ధతిని తన ఊహలోని బ్లాక్‌మూర్ కోట కింది నేలమాళిగల్లోకి దించాడు. గైగాక్స్, ఆర్నెసన్ కలిసి చేసిన ఆట 1974లో విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా నుంచి వెయ్యి పెట్టెలుగా వచ్చింది, పెట్టె 10 డాలర్లు.

మీకు చెయిన్‌మెయిల్ అక్కర్లేదు. మొదటి పుస్తకంలోనే ప్రత్యామ్నాయ పట్టిక ఉంది, ఇరవై ముఖాల పాచికతో నడుస్తుంది. ఆర్మర్ క్లాస్ అంటే రక్షణ ఎంతో చెప్పే అంకె, తగ్గినకొద్దీ రక్షణ ఎక్కువ. ఒకటో లెవెల్, అంటే మొదటి మెట్టులోని, యోధుడికి ఆర్మర్ క్లాస్ 9 మీద, అంటే కవచమే లేనివాడి మీద, 10 పడాలి. క్లాస్ ఒక్కటి తగ్గినకొద్దీ ఒక్కటి ఎక్కువ పడాలి. ప్లేట్ కవచం, డాలు ఉన్న క్లాస్ 2కి 17. తగిలితే ఏ ఆయుధమైనా ఆరు ముఖాల పాచిక ఒక్కటే. ఆయుధానికో పాచిక 1975 గ్రేహాక్ అనుబంధంతో వచ్చింది, దాన్ని ఇందులో కలపొద్దు.

పాత పాచిక దొరికితే ముఖాలు చూసుకోండి. 20 ముఖాలున్నా అంకెలు 0 నుంచి 9 వరకే, రెండేసిసార్లు ఉంటాయి. ఒక వరుసకు మైనం పెన్సిల్‌తో రంగు పూసి, ఆ రంగు పడితే పది కలుపుకోవాలి. 0 పడితే పదిగానో ఇరవైగానో చదవాలి.

ఇక అసలు తప్పు: కనబడిన ప్రతిదానితో మీరు కొట్లాటకు దిగారు. యోధుడు రెండో లెవెల్‌కి ఎక్కాలంటే 2000 అనుభవ పాయింట్లు కావాలి. బయటికి మోసుకొచ్చిన ప్రతి బంగారు నాణేనికీ ఒక పాయింటు. ఆర్క్ అనే చిన్న రాక్షసిని ఒకదాన్ని చంపితే 1974 లెక్కలో వంద, గ్రేహాక్ తర్వాత పదే. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను గ్రేహాక్ లెక్కనే వాడమంటాను, ఆట దారిలో పడుతుంది. ఒకటో లెవెల్‌లో ప్రాణం ఒక్క పాచికంత (ఇక్కడి నుంచి పాచిక అంటే ఆరు ముఖాలదే), యోధుడికి ఒక్క పాయింటు ఎక్కువ. ఒక్క దెబ్బకే పోవచ్చు. కాబట్టి ఆట దోచుకోవడంలో ఉంది, చంపడంలో లేదు.

మొదట్లో చేతికొచ్చేది మూడు పాచికల మొత్తానికి పదింతల బంగారం, సగటున 105. ప్లేట్ కవచం 50, డాలు 10, కత్తి 10. మిగిలినదాంట్లో యాభై అడుగుల తాడు, పదడుగుల కర్ర, ఆరు కాగడాలు తలా ఒక్క నాణేనికే వస్తాయి. అవి తప్పక కొనండి. ఒకటో లెవెల్‌లో క్లెరిక్‌కి, అంటే పూజారి పాత్రకు, మంత్రమే లేదు, మంత్రగాడికి ఒక్కటే. ఆ ఒక్కటి నిద్ర మంత్రమైతే చిన్న శత్రువులు 2 నుంచి 16 మంది వరకు పడిపోతారు.

ఆట నడిపే రిఫరీ టర్న్ లెక్క వదలకూడదు. పది నిమిషాలు ఒక టర్న్. ఆరింటిలో ఒకటి విశ్రాంతికి పోవాలి. ప్రతి టర్న్ చివర ఒక పాచిక, 6 పడితే తిరుగాడే రాక్షసి. గంటలో కనీసం ఒకటి ఎదురయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. ఈ లెక్క లేకపోతే ఆటగాళ్లు ప్రతి గోడా తట్టుకుంటూ కూర్చుంటారు, తొందరే ఉండదు.

చాలామంది దాటేసే పట్టిక ఒకటి మూడో పుస్తకంలో ఉంది. కాస్త బుద్ధున్న రాక్షసి ఎదురవగానే రెండు పాచికలు వేయాలి: 2–5 అయితే శత్రుత్వం, 6–8 అయితే ఎటూ తేల్చుకోలేదు, 9–12 అయితే సుముఖం. అంటే అలాంటివి నేరుగా మీద పడేది మూడోవంతు కూడా కాదు, మాటలకు, లంచానికి చోటుంది. అయినా తరుముకొస్తే పరిగెత్తుతూ తిండి పడేయండి. బుద్ధిలేని జంతువు ఆగే అవకాశం 90 శాతం. బుద్ధున్నవాటికి తిండితో 10 శాతమే, వాటి ముందు బంగారం పడేస్తే 90.