తూటాల మీది బంక వదిలేదెలా?

ప్రశ్న: సార్, నేను సీసం బుల్లెట్లు సొంతంగా పోత పోసుకుని ఇత్తడి కేసులో మందు నింపి, పైన బుల్లెట్ బిగించి 9 ఎంఎం తూటాలు లోడ్ చేసుకుంటాను. ఈసారి సీసం బ్యారెల్‌కి అంటకుండా బుల్లెట్లకు పూసే, ద్రవ రూపంలో వచ్చే ఆలాక్స్ అనే మైనపు లూబ్ డబ్బాలో పోసి, బుల్లెట్లు అందులో దొర్లించి, ఆరబెట్టి, దాదాపు 300 లోడ్ చేశాను. వారం దాటినా ఒక్కొక్కటీ బెల్లం పాకంలో ముంచి తీసినట్టు వేళ్లకు అంటుకుంటోంది. పెట్టెలోని దూదిపీచు, దుమ్ము అంతా వాటికే పట్టింది. మ్యాగజైన్‌లో పెడితే పైకి లేవడానికి మొరాయిస్తున్నాయి. వీటిని పెట్రోల్‌లో ముంచి తీస్తే సరిపోతుందా? లేక ఖాళీ కేసులు మెరిపించే టంబ్లర్‌లోనే వేసేయొచ్చా?

జవాబు: ముందు పెట్రోల్ డబ్బా మూత పెట్టేయండి. లోడ్ చేసిన తూటాని పెట్రోల్‌లోనే కాదు, ఏ ద్రవంలోనూ ముంచకూడదు. సైన్యానికి వెళ్లే తూటాలకైతే అడుగున ఉండి మందుకు నిప్పంటించే ప్రైమర్ చుట్టూ, కేసు మూతి దగ్గర లక్కలాంటి సీలు వేస్తారు, మనం ఇంట్లో చేసుకున్నవాటికి అదేమీ ఉండదు కదా. పల్చటి ద్రావకం బుల్లెట్‌కీ కేసుకీ మధ్య ఉన్న సందులోంచి, ప్రైమర్ అంచుల్లోంచి మెల్లగా లోపలికి దిగుతుంది. ప్రైమర్ పూర్తిగా పాడైతే కాల్చినప్పుడు టక్కుమని ఊరుకుంటుంది, అది నయం. మందు సగం తడిసి సగం మండిందనుకోండి, బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది, అది గమనించక ఇంకోటి పేల్చారంటే బ్యారెల్ ఉబ్బొచ్చు, పగలొచ్చు కూడా. పైగా సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా పెట్రోల్ ఆవిరి అంటుకుంటుంది. అంటే మీ గదిలో ఎంత చల్లగా ఉన్నా అది ప్రమాదమే.

చేయాల్సిన పని చాలా సాదాగా ఉంటుంది, కాస్త ఓపిక కావాలంతే. ఒక పాత టర్కీ టవల్ బల్ల మీద పరిచి, సగం భాగం మీద పెయింట్లు పల్చన చేసే మినరల్ స్పిరిట్స్ కొద్దిగా చిలకరించండి, గుడ్డ చెమ్మగా ఉండాలి, పిండితే చుక్క రాకూడదు. పదేసి తూటాలు వరసగా పెట్టి, టవల్ మడత పైన వేసి, అరచేత్తో చపాతీ కర్ర తిప్పినట్టు ముందుకూ వెనక్కూ రెండు మూడుసార్లు దొర్లించి, వెంటనే పొడి సగం మీదకు మార్చి మళ్లీ దొర్లించండి. ప్రైమర్ ఉన్న అడుగు భాగానికి చెమ్మ తగలనివ్వకండి, అక్కడ జిడ్డు కనిపిస్తే పొడి గుడ్డతో తుడవండి చాలు. బయటికి కనిపించే బుల్లెట్ ముక్కు, కేసు ఒళ్లు, కేసు మూతి అంచు, ఈ మూడు శుభ్రమైతే సరిపోతుంది. కేసు లోపల ఉన్న బుల్లెట్ గాడుల్లోని లూబ్ జోలికి వెళ్లొద్దు, వెళ్లలేరు కూడా. సీసం బ్యారెల్ లోపల రాసుకుని అంటుకోకుండా కాపాడేది అదే. ముక్కు మీది లూబ్‌తో పెద్దగా ఉపయోగం లేదు, దుమ్ము పట్టడానికి తప్ప.

ఈ తుడవడం అందం కోసం అనుకునేరు. బంకకు పట్టిన దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, అవి తుపాకీలో తూటా కూర్చునే ఛాంబర్‌ని గీరుతాయి. కేసు ఒంటి మీద జిడ్డుంటే కాల్చినప్పుడు అది ఛాంబర్ గోడలను సరిగ్గా పట్టుకోదు, ఆ తోపుడంతా వెనక బోల్ట్ మీద ఎక్కువగా పడుతుంది. మీ 9 ఎంఎం తూటా ఛాంబర్‌లో ఆగేది కేసు మూతి అంచు మీదే, అక్కడ మైనం పేరుకుంటే పూర్తిగా లోపలికి కూర్చోదు. తుడిచాక పిస్టల్ ఖాళీ అని చూసుకుని, బ్యారెల్ విప్పి, ప్రతి తూటానీ అందులో వేసి చూడండి: టక్కున పడాలి, తిరగేస్తే తన బరువుకే జారి బయటికి రావాలి.

టంబ్లర్ సంగతి. లోడైన తూటాలని కాసేపు టంబ్లర్‌లో తిప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, దాని మీద వాదనలూ ఎప్పటినుంచో ఉన్నాయి, నేను ఆ గొడవలోకి వెళ్లను. కానీ మీవి బంకతో ఉన్న మెత్తటి సీసం బుల్లెట్లు. టంబ్లర్‌లో పోసే మొక్కజొన్న కండెల పొట్టు వాటికి అంటుకుని, నువ్వులద్దిన అరిసెల్లా తయారవుతాయి, తర్వాత ఆ పొట్టు ఒక్కొక్కటీ గిల్లుకుంటూ కూర్చోవాలి. 300 తూటాలే కదా, టవలే మేలు.

మీరు అడగని విషయం ఒకటుంది, నాకు అసలు టెన్షన్ దాని గురించే. బుల్లెట్ మీద ఇంత లూబ్ ఉందంటే సీటింగ్ డై లోపల ఎంత పేరుకుని ఉంటుందో! బుల్లెట్‌ని కేసులోకి నొక్కే భాగంలో మైనం గట్టిపడే కొద్దీ ఒక్కో తూటా ముందుదానికంటే కాస్త లోతుగా దిగుతూ పోతుంది. నేనూ కొత్తలో ఇలాగే వందకు పైగా లోడ్ చేసి, ఏమీ తోచక మొదటిదీ చివరిదీ పక్కపక్కన నిలబెడితే పొట్టీ పొడుగూ కంటికే తెలిసిపోయాయి. 9 ఎంఎం కేసులో అసలే చోటు తక్కువ, బుల్లెట్ లోతుకు పోతే మందుకు మిగిలే జాగా ఇంకా తగ్గుతుంది, ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. కాబట్టి మొత్తం 300నీ కాలిపర్‌తో కొలవండి. మీ లోడింగ్ పుస్తకంలో ఇచ్చిన పొడవు కంటే తగ్గినవి ఏవైనా ఉంటే వాటిని పేల్చకండి, బుల్లెట్ పుల్లర్‌తో విప్పేయండి. డై కూడా విప్పి తుడిచి పెట్టుకోండి, ఇకమీదట యాభైకోసారి తుడవండి.

పని చేసేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, కిటికీలు తెరవండి, దగ్గరలో మంట వద్దు. ఆ గుడ్డకి అంటిన నల్లటి మరక జిడ్డొక్కటే కాదు, అందులో సీసం కూడా ఉంటుంది. ఇంట్లో బట్టలతో కలిపి ఉతకకండి, ఆరుబయట పరిచి ఆరాక విడిగా పారేయండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తిండి జోలికి వెళ్లండి.

ప్రశ్న: ఆలాక్స్ వాడితే ఈ బంక తప్పదా? ఆరడానికి ఇంకేమైనా కలపాలా?

జవాబు: తప్పుతుంది. పైన రాసినాయనదీ మీదీ ఒకటే పొరపాటు, ఎక్కువ పూయడం. బుల్లెట్ మీద లేత పసుపు ఛాయ వచ్చిందా లేదా అన్నంత పల్చగా ఉండాలి, గోధుమ రంగు తేలిందంటే మించిపోయినట్టే. సీసం పోసేవాళ్లలో బాగా పేరుపడ్డ మిశ్రమం ఒకటుంది, 45-45-10 అంటారు: ద్రవ ఆలాక్స్ 45 పాళ్లు, నేల మెరుగుకు వాడే పేస్ట్ వ్యాక్స్ 45 పాళ్లు, మినరల్ స్పిరిట్స్ 10 పాళ్లు. వేడినీళ్ల గిన్నెలో డబ్బా ఉంచి కరిగించి కలుపుతారు, నేరుగా మంట మీద మాత్రం పెట్టకూడదు. ఇది పూస్తే రాత్రికి రాత్రే ఆరి చేతికి అంటకుండా ఉంటుంది. ఇప్పటికే చిక్కగా పూసేసి ఇంకా లోడ్ చేయని బుల్లెట్లుంటే కాస్త అభ్రకం పొడిలో దొర్లించండి, బంక చచ్చిపోతుంది.

లూబ్ గోలే వద్దనుకుంటే పౌడర్ కోటింగ్ ఉంది. రంగు పొడి పట్టించి, వంటకు వాడని విడి ఓవెన్‌లో దాదాపు 200 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచితే గట్టి పొర కడుతుంది. సీసం కరిగేది 327 డిగ్రీల దగ్గర, తగరం, ఆంటిమొనీ కలిసిన మిశ్రమమైతే ఇంకా ముందే మెత్తబడుతుంది, అందుకని ఓవెన్ ముల్లుని నమ్మకుండా విడిగా థర్మామీటర్ పెట్టి చూసుకోండి.

ప్రశ్న: జిడ్డు తుడిచాక కేసులు మాసినట్టున్నాయి. ఇత్తడి సామాన్ల పాలిష్‌తో రుద్దొచ్చా?

జవాబు: అందులో అమ్మోనియా ఉంటే వద్దు. 19వ శతాబ్దంలో ఇండియాలోని బ్రిటిష్ సైన్యం తూటాలని వానాకాలంలో గుర్రాల శాలల్లో నిల్వ ఉంచితే ఇత్తడి కేసులు వాటంతటవే చీలిపోయేవట. కారణం గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా అని 1921 దాకా తేలలేదు. వంగి, సాగి, లోపల బిగువు నిండిన ఇత్తడి మీద అమ్మోనియా అలా పనిచేస్తుంది, మీ కేసు మూతి సరిగ్గా అలాంటి ఇత్తడే. మాసినా తూటా బాగానే పేలుతుంది, మెరుపు కావాలంటే పేల్చేశాక ఖాళీ కేసుల్ని టంబ్లర్‌లో వేసుకోండి.